అడిగి అడుగేద్దాం

(ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అందరూ చదవవలసిన పాఠం)



ఆటలాడితే ఒళ్ళు గట్టిపడుతుంది, మనసు కుదుటపడుతుంది. ఈ సంగతి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. సాయంత్రం గంట కొట్టగానే పుస్తకాలు పెట్టేసి మైదానానికి ఉరుకుతాం. కబడ్డీ, ఖోఖో, చిర్రగోనె, క్రికెట్టు, ఏదైనా సరే. ఈ పాఠం ఆట మానమని చెప్పేది కాదు. ఏ నేల మీద ఆడుతున్నామో తెలుసుకొని ఆడమని చెప్పేది.

ఎందుకు రాయవలసి వచ్చింది?

పోయిన వానాకాలంలో ఆరో తరగతి తమ్ముడొకడు బంతి కోసం ప్రహరీగోడ దూకాడు. బంతి కాలువ పక్క బురదలో పడింది. బురద మీద తెల్లటి పొడి ఉంది. సున్నమేమో అనుకున్నాడు. ఉత్త కాళ్ళతో దిగి బంతి తెచ్చి మళ్ళీ ఆడాడు కూడా. రాత్రి అన్నం దగ్గర "కాళ్ళు మండుతున్నయే అన్నా" అని ఏడ్చాడు. చూస్తే పాదాల మీద తోలు పొరలు పొరలుగా లేచింది. పదిహేను రోజులు చెప్పులు వేసుకోలేకపోయాడు. ఆ పొడి ఏమిటో, ఎవరు పారబోసిండ్రో ఇప్పటికీ తెల్వదు.

"ఎందుకు దిగినవురా?" అని అడిగితే, "మా ఊర్ల వాగుల రోజు దిగుతం గద" అన్నాడు. వాని మాటలో తప్పు లేదు. మనమందరం అట్లనే పెరిగినం. అసలు పాఠం అక్కడే ఉంది.

1. తండా నేల వేరు, ఇక్కడి నేల వేరు

తేలు ఏ రాయి కింద ఉంటుందో, వాగులో మడుగు ఎక్కడ లోతుందో మన పెద్దలు చిన్నప్పుడే చూపిస్తారు. మా తండా నారాయణఖేడ్ దిక్కున ఉంది. మా తాత గొడ్లను నీళ్ళకు విడిచే ముందు ఒక నిమిషం నిలబడి చూసేవాడు. కప్పలున్నాయా, చేపపిల్లలు తిరుగుతున్నాయా, వాసన ఎట్లుంది? ఇవన్నీ చూసినంక గొడ్లను విడిచేవాడు. అది పుస్తకాల్లో దొరకని తెలివి. కానీ అది ఆ నేల తెలివి.

ఇక్కడ ఏం జరిగిందో తెలుసుకోండి. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల ఫ్యాక్టరీలు వచ్చాయి. మందులు, రంగులు, రసాయనాలు తయారు చేసేవి వాటిలో చాలా ఉన్నాయి. వాటి మురికినీళ్ళు ఇసుకవాగులో, నక్కవాగులో కలిసి మంజీర నదికి పోయేవి. వాగు పక్క పొలాలు పాడయ్యాయి, బావులు చెడిపోయాయి. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టరు అల్లాని కిషన్‌రావు గారు ఊళ్ళవాళ్ళతో కలిసి దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. 1990లో ఈ విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది. 1994లో ఫ్యాక్టరీల నీళ్ళను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం మొదలైంది.

అయినా కథ ముగియలేదు. ఆ కేంద్రానికి సుమారు 90 మందుల ఫ్యాక్టరీల నీళ్ళు వచ్చేవి. శుద్ధి అయి బయటికి వచ్చిన నీళ్ళను స్వీడన్ దేశపు శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు!

మందే కదా, మంచిదే కదా అనుకోవద్దు. అట్లాంటి నీళ్ళలో బతికే సూక్ష్మజీవులు మందుకు అలవాటు పడతాయి. అవి మన పుండులోకి చేరితే ఆ మందు వాటి మీద పనిచేయదు. పుండు తొందరగా మానదు. ఇంకో సంగతి: నీటిలో కలిసిన మందు కంటికి కనబడదు. నీళ్ళు తేటగా ఉన్నాయి కాబట్టి మంచివే అని చెప్పలేం.

అందుకని మా తాత పరీక్షలో సగమే ఇక్కడ పనికొస్తుంది. "కప్పలు లేకపోతే దిగొద్దు" అన్నది ఇక్కడ కూడా నిజమే. "కప్పలుంటే దిగొచ్చు" అన్నది మాత్రం ఇక్కడ చెల్లదు. మన కన్ను, ముక్కు ప్రమాదం ఉందని చెప్పగలవు గాని, లేదని చెప్పలేవు. ఈ నేల సంగతి తెలిసినవాళ్ళను అడగాలి. అడిగినంకనే అడుగేయాలి.

2. ఖాళీ డ్రమ్ము ఖాళీ కాదు

రోడ్డు పక్కన నీలం డ్రమ్ములు, తెల్ల క్యాన్లు పడి ఉంటాయి. వాటిని దొర్లిస్తాం, వికెట్టు చేస్తాం, దాగుడుమూతల్లో లోపల దాక్కుంటాం. అడుగున కొద్దిగా మిగిలిన రసాయనం చాలు, తోలు కాలడానికి. లోపలి ఆవిరి పీలిస్తే కళ్ళు తిరుగుతాయి. మూత పడితే ఊపిరాడదు. కొన్నిటి దగ్గర అగ్గిపుల్ల గీసినా పేలుతాయి.

డ్రమ్ము మీద ఎర్రగీతల డబ్బాలో బొమ్మలుంటాయి. మూడు గుర్తుపెట్టుకోండి.
పుర్రె, ఎముకలు ఉంటే విషం.
మంట బొమ్మ ఉంటే తొందరగా అంటుకునేది.
చేతి మీద చుక్కలు పడుతున్నట్టుంటే తోలును, కంటిని కాల్చేది.
బొమ్మ చెరిగిపోయినా, అసలు లేకపోయినా ముట్టుకోవద్దు. ఇంటికి పోయినప్పుడు అమ్మానాన్నలకు కూడా చెప్పండి. అట్లాంటి డ్రమ్ములో తాగే నీళ్ళు పోయవద్దు.

3. బోరు గుంత

బోరు గుంత వెడల్పు జానెడే. పెద్దవాళ్ళ కాలు కూడా సరిగా పట్టదు. అందుకే ఎవరూ భయపడరు. కానీ మూడేళ్ళ పిల్ల సన్నగా జారిపోతుంది. 2015 నవంబరులో మన పుల్కల్ మండలం బొమ్మారెడ్డిగూడెంలో మూడేళ్ళ బాబు అట్లనే పడి చనిపోయాడు. 2020 మే 27న మెదక్ జిల్లా పాపన్నపేట మండలం పోడ్చన్‌పల్లిలో మరో మూడేళ్ళ బాబు పోయాడు. ఆ బోరు అదే రోజు వేసింది. నీళ్ళు పడలేదని మూయకుండా వదిలేశారు.

2010లో సుప్రీంకోర్టు దీనికి నియమాలు పెట్టింది. బోరు వేసేచోట ముళ్ళకంచె కట్టాలి. కేసింగు చుట్టూ సిమెంటు గద్దె కట్టి, పైన గట్టి మూత బిగించాలి. పనికిరాని బోరును అడుగు నుంచి పై దాకా మట్టి, ఇసుక, రాళ్ళతో నింపాలి. గోనెసంచి కప్పితే, బండ పెడితే సరిపోదు.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మూయని బోరు కనబడితే దగ్గరికి పోవద్దు. సంచి ఎత్తి చూడవద్దు. ఒకరు చిన్నపిల్లలు రాకుండా దూరంగా కాపలా ఉండాలి, ఇంకొకరు సర్పంచికి గాని, పెద్దవాళ్ళకు గాని చెప్పాలి. మన చెల్లెళ్ళు, తమ్ముళ్ళు ఆ చేలల్లనే ఆడుకుంటారు.

4. పొగ వస్తే, ఘాటు వాసన వస్తే

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. అట్లాంటి చప్పుడు వింటే చూద్దామని ఉరికేది ముందు పిల్లలే. అటు పోవద్దు. చిటికెడు దుమ్ము గాల్లో వదిలి గాలి ఎటు వీస్తున్నదో చూడండి. పొగ పోయే దిక్కుకు గాని, పొగకు ఎదురుగా గాని ఉరకవద్దు. గాలికి అడ్డంగా పక్కకు పోవాలి. తడిగుడ్డ ముక్కుకు పెట్టుకోవాలి. గదిలో ఉంటే కిటికీలు మూసి సారు చెప్పేదాకా ఆగాలి.

5. తగిలితే ఏం చేయాలి?

క) పొడి అయితే ముందు పొడిగుడ్డతో దులపాలి. తర్వాత తగిలిన బట్టలు విప్పాలి.
చ) పారే నీళ్ళ కింద 20 నిమిషాలు కడగాలి. వాచీ లేకపోతే మన పీరియడ్‌లో సగం అనుకోండి. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టి కడగాలి.
ట) నెయ్యి, పసుపు, సున్నం, టూత్‌పేస్టు ఏదీ రాయవద్దు.
త) వార్డెన్ సారుకు చెప్పి 108కి ఫోను చేయించాలి.

కొన్ని క్షారాలు తగిలిన వెంటనే మంట పుట్టించవు. సబ్బులాగ జారుడుగా అనిపించి, మెల్లగా తోలు లోపలికి దిగుతాయి. అందుకే నొప్పి లేదని ఊరుకోవద్దు.

6. దాచవద్దు

ఆరో తరగతి తమ్ముని సంగతి మళ్ళీ ఒకసారి చూద్దాం. వాడు గోడ ఎందుకు దూకాడు? బంతి పోతే తిడతారని. మంట మొదలైనా సాయంత్రం నుంచి రాత్రి దాకా ఎందుకు చెప్పలేదు? గోడ దూకినందుకు కొడతారని. అప్పుడే చెప్పి కడుక్కుంటే అంత పుండయ్యేది కాదు. పొడి ఎంత కాల్చిందో, వాని భయం కూడా అంత కాల్చింది.

ఈ మాట సైన్సు సారుతో అంటే, ఆయన ప్రార్థన దగ్గర అందరి ముందర చెప్పారు: "బంతి పోతే పోనీయండి. ఎవరినీ ఏమీ అనం. తగిలిందని చెప్పినవాణ్ణి తిట్టేది లేదు." తర్వాత మేము తొమ్మిదో తరగతివాళ్ళం పీఈటీ సారుతో కలిసి బడి చుట్టూ తిరిగి పటం గీసినం. పోగూడని చోట్లు ఎర్రగా పెట్టినం. ఈ గోడపత్రిక పక్కనే అంటించినం, చూడండి. మీకు తెలిసిన చోటు అందులో లేకపోతే వచ్చి చెప్పండి, గీస్తాం.

పారబోసినవాళ్ళది, మూయనివాళ్ళది తప్పు. ఆడుకునే పిల్లలది కాదు. వాళ్ళు సరిచేసేదాకా మన కాళ్ళను మనం కాపాడుకుందాం.

ఆలోచించి జవాబు రాయండి:
1. తేట నీళ్ళన్నీ మంచి నీళ్ళేనా? ఎందుకు?
2. పనికిరాని బోరును ఎట్లా పూడ్చాలి?
3. మీ ఊళ్ళో పిల్లలు ఆడుకునే చోటు పటం గీసి, ప్రమాదం ఉన్నచోట ఎర్రచుక్క పెట్టండి.

తొమ్మిదో తరగతి, సైన్సు క్లబ్బు