పెరటి కంచెగా కలే పొద

తొలకరి పడితే శేషాచలం కొండల అంచున కలేపండ్లు నల్లగా మాగుతాయి. కోస్తావారి వాక్కాయ దీనికి దగ్గరి బంధువు. ఆయుర్వేదంలో ఈ జాతి పేరు కరమర్దము. గురుకులంలో ఉన్న రోజులలో మూలికలకై కొండకు వెళ్లినప్పుడు మా గురువుగారు ఏ పొదనూ పూర్తిగా దులపనిచ్చేవారు కాదు. “పిట్టల పాలు పిట్టలకు విడవండి, రేపటి పొదను నాటేది అవే” అనేవారు.

ఇందులో మన ఆరోగ్యమూ ఇమిడి ఉన్నది. పచ్చి కరమర్దము పుల్లనిది, గురువు, ఉష్ణము. దప్పిక తీర్చినా రక్తపిత్తమును, కఫమును పెంచుతుందని భావప్రకాశము చెబుతున్నది. మాగిన పండు మధురము, లఘువు, పిత్తవాతములను శమింపజేస్తుంది. కనుక ఊరగాయకు కొన్ని కాయలు కోసుకొని, తక్కినవి మాగనివ్వండి.

మాగిన పండ్ల గింజలను కడిగి, ఆలస్యం చేయక, ఎర్రమన్ను, ఇసుక, పశువుల ఎరువు నింపిన సంచులలో విత్తండి. మరుసటి వానకాలంలో ప్రహరీ వెంట నాలుగైదు అడుగుల ఎడంతో నాటండి. ముళ్లపొద కనుక నడిచే దారికి దూరంగా ఉండాలి. మొదటి వేసవి గట్టెక్కేవరకు నీరు పోయండి. ఆపైన అది ఎండకు ఓర్చుకుంటుంది. పురుగుమందు చల్లవద్దు. పండ్లు మాగితే పికిలి పిట్టలు, గోరింకలు, కోకిలలు తామే వస్తాయి.

ఒక హెచ్చరిక. తిరుపతిలో నాకు తెలిసిన ఒక గృహిణి కలేకొమ్మ విరిస్తే పాలు కారాయని, విషమని భయపడి పొదను కొట్టించారు. ఆ ఇంటి వాకిట్లోనే పచ్చగన్నేరు కాయలతో నిలిచి ఉన్నది! రెండూ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు, రెండింటికీ పాలు కారుతాయి. కాని పచ్చగన్నేరు గింజ గుండెను దెబ్బతీసే విషము. పిట్ట తిన్నదల్లా మనకు ఆహారం కాదు. కోకిల పచ్చగన్నేరు పండు గుజ్జును తింటుంది.

కలేకు గట్టి ముళ్లు, పొట్టి ఆకులు, తెల్లని పూలు, చిన్న నల్లని పండ్లు. పచ్చగన్నేరుకు ముళ్లుండవు, ఆకులు సన్ననివి, పొడవైనవి, పూలు గంటల వలె పసుపుపచ్చగా ఉంటాయి. పిల్లలకు ఈ రెండింటినీ పక్కపక్కన చూపి నేర్పండి. పొరపాటున బిడ్డ పచ్చగన్నేరు నమిలితే గృహవైద్యంతో కాలయాపన చేయవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఆయుర్వేద వైద్యుడినైన నేనే ఈ మాట చెబుతున్నాను.

ఈ ఏడు ఒక్క కలే మొక్కకైనా మీ పెరటిలో చోటివ్వండి.