డాబా మీద రేకుల షెడ్డు

ప్రశ్న: కాకినాడలో మా డాబా మీద రేకుల షెడ్డు వేయిద్దామనుకుంటున్నాం. తుపాను గాలికి లేచిపోకుండా ఏం చూసుకోవాలి?

జవాబు: రేకు దానంతటది లేవదండీ, స్క్రూ పట్టు వదిలితేనే లేస్తుంది. 0.5 మి.మీ. మందం కలర్ కోటెడ్ రేకు తీసుకోండి. గాలి ఎక్కువగా లాగేది అంచుల్నీ మూలల్నీ. అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా వేయించండి. స్క్రూ రేకు గట్టు మీద పడాలి. పల్లంలో పడితే వాననీళ్లు కారతాయి. రబ్బరు వాషరు కాస్త అణిగితే చాలు. నలిగి బయటికి ఉబికిందంటే మేస్త్రీ డ్రిల్లు ఎక్కువ తిప్పాడన్నమాటే, ఆ వాషరు త్వరగా పగులుతుంది. స్తంభాల్ని పిట్టగోడకు కాదు, కింది దూలాల మీద బిగించాలి. రేకు కోసినప్పుడు రాలిన ఇనుప రజను ఆ సాయంత్రమే ఊడ్పించండి. సముద్రపు గాలికి తుప్పు అక్కడే మొదలవుతుంది. రంగు మాత్రం తెలుపే ఎంచుకోండి, ముదురు రంగులు వేడి లాగేస్తాయి.