ముందు ఏ నవల?

ప్రశ్న: మెట్టుగూడలో గది తీసుకుని ఉస్మానియాలో పీజీ చేస్తున్నాను. తెలంగాణ నవలల్లో ముందు ఏది చదవాలి? ఒక్కొక్కరు ఒక్కో జాబితా ఇస్తున్నారు.

జవాబు: జాబితాలు పక్కన పెట్టి, పుస్తకాలమ్మిన మనిషి రాసిన నవల చదవండి. మీ పక్కనున్న సికింద్రాబాద్‌లో 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకెళ్లి అమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామిది ‘ప్రజల మనిషి’. నిజాం కాలపు పల్లె, దొర, వెట్టి, ఎదురుతిరిగే కంఠీరవం. అక్కడక్కడా ఉపన్యాసం వినిపిస్తుంది, నిజమే. అయినా వదలబుద్ధి కాదు. తర్వాత దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’. కథ నడపడంలో, నా లెక్కన, ఈయనదే పైచేయి. అది పట్టుకుంటే ఆయనదే ‘మోదుగుపూలు’ ఎలాగూ చదువుతారు. కాచిగూడ నవోదయ బుక్‌హౌస్‌లో అడగండి. మీకిదివరకు నచ్చిన నవలేదో కూడా చెప్పండి, నాలుగోది ఎంచడం వాళ్లకు తేలిక.