తప్పినా నష్టపోని వైపు గురిపెట్టండి

చిల్లకూరు హైవే మీద సిలికా ఇసుక లారీలు మీరు రోజూ చూస్తారు. గూడూరు మైకా గనుల చుట్టూ తెల్లగా మెరిసే పలుగురాళ్లూ మీకు కొత్త కాదు. అమెరికాలో ఏటా ఏప్రిల్‌లో మాస్టర్స్ టోర్నమెంట్ జరిగే అగస్టా నేషనల్ గోల్ఫ్ కోర్సుని టీవీలో చూడండి. అక్కడి బంకర్లలో మెరిసే తెల్లటి ఇసుక కూడా ఆ పలుగురాయే, అంటే క్వార్ట్జే. నార్త్ కరొలినాలోని స్ప్రూస్ పైన్ దగ్గర ఫెల్డ్‌స్పార్ తవ్వగా మిగిలినది. అసలు గోల్ఫ్ ఎదిగిందే స్కాట్లండ్ సముద్ర తీరంలో, ఉప్పుగాలి కొట్టే ఇసుక నేలల్లో. కాబట్టి "మాకూ గోల్ఫ్‌కూ ఏం సంబంధం?" అనే మాట ఇప్పుడే పక్కన పెట్టేయండి.

ఈరోజు మీకు ఒక స్కిల్ నేర్పిస్తాను. దానికి కర్ర అక్కర్లేదు, బంతి అక్కర్లేదు. ఛాంపియన్‌షిప్ కోర్సు మీద పెద్ద ఆటగాళ్లు ఒక్కో హోల్‌ని ఎలా ఆలోచించి ఆడతారు? అది తెలిస్తే చాలు. బంతిని 300 గజాలు కొట్టడానికి ఏళ్లు పడుతుంది. సరైన చోటికి గురిపెట్టడం ఈ సాయంత్రమే మొదలుపెట్టొచ్చు.

ముందు బేసిక్స్ చూద్దాం. కోర్సులో 18 హోల్స్. అన్నీ ఒకసారి ఆడితే ఒక రౌండ్. ప్రతి హోల్‌కీ ఒక పార్ ఉంటుంది: 3, 4 లేదా 5. మంచి ఆటగాడు అన్ని షాట్లలో (స్ట్రోక్‌లలో) ముగించాలని లెక్క. ఒకటి తక్కువైతే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ, రెండు ఎక్కువైతే డబుల్ బోగీ. మొదలుపెట్టే చోటు టీ. చివర నున్నగా కత్తిరించిన గడ్డి గ్రీన్. గ్రీన్ మీద గుంట, గుంటలో జెండా. మధ్యలో మీకోసం నీళ్లు, ఇసుక గుంటలు (బంకర్లు), చెట్లు కాచుకుని ఉంటాయి.

కొత్త ఆటగాడి కళ్లు ఎక్కడుంటాయి? జెండా మీద. ఛాంపియన్ కళ్లు జెండా చుట్టూ తిరుగుతాయి. "ఈ షాట్ తప్పితే బంతి ఎటు పోవచ్చు? అక్కడి నుంచి నేను కోలుకోగలనా?" అతని మొదటి ప్రశ్న ఇదే. మీరు ఈరోజు అలవాటు చేసుకోవాల్సింది కూడా ఇదే.

అగస్టా 12వ హోల్ దగ్గర ఆగుదాం

పేరు గోల్డెన్ బెల్. పార్ 3. దూరం 155 గజాలు. ప్రొఫెషనల్‌కి అది చిన్న షాట్. కానీ గ్రీన్ ముందు రేస్ క్రీక్ అనే వాగు పారుతుంది. గ్రీన్ సన్నగా, ఏటవాలుగా పడి ఉంటుంది. కుడి వైపు వెళ్లేకొద్దీ వాగు దాటాల్సిన దూరం పెరుగుతుంది. చెట్ల మధ్య గాలి ఎటు తిరుగుతుందో చెప్పడం కష్టం. ఆదివారం, అంటే ఫైనల్ రోజున, జెండాని ఆనవాయితీగా కుడి వైపే పెడతారు. కోర్సు మిమ్మల్ని పిలుస్తోంది: రా, నా మీదకే కొట్టు!

2016లో జోర్డన్ స్పీత్ అక్కడికి వచ్చాడు. మొదటి 9 హోల్స్ అయ్యేసరికి అతనికి 5 స్ట్రోక్‌ల ఆధిక్యం ఉంది. 10, 11 హోల్స్‌లో బోగీలు పడ్డాయి. 12లో బంతి రెండుసార్లు నీళ్లలో పడింది. పార్ 3 హోల్‌కి 7 అయింది. ఆ ఏడాది టైటిల్ డానీ విల్లెట్‌కి వెళ్లింది.

2019 ఆదివారం ఇంకా గట్టి పాఠం. చివరి రెండు గ్రూపుల్లో నలుగురు ఆ వాగులో బంతి వేశారు: లీడర్‌గా ఉన్న ఫ్రాన్సెస్కో మోలినారి, బ్రూక్స్ కెప్కా, ఇయాన్ పౌల్టర్, టోనీ ఫీనౌ. చివరి గ్రూపులో 43 ఏళ్ల టైగర్ వుడ్స్ కూడా ఉన్నాడు. అతను జెండా వైపు చూడనే లేదు. ముందున్న బంకర్ మీదుగా గ్రీన్ ఎడమ భాగానికి కొట్టాడు. రెండు పట్‌లు (గ్రీన్ మీద దొర్లించే షాట్లు), పార్. చప్పట్లు కొట్టేంత షాట్ కాదది. కానీ ఆ హోల్ దాటేసరికి మోలినారితో సమానమయ్యాడు. సాయంత్రానికి విజేతకిచ్చే గ్రీన్ జాకెట్ వేసుకున్నాడు.

ఇది భయం అనుకోకండి. భయపడేవాడు ఎటు కొట్టాలో తేల్చుకోలేక సగం మనసుతో కొడతాడు. టైగర్ ఎడమకి అని తేల్చుకుని పూర్తి మనసుతో కొట్టాడు. టార్గెట్ జాగ్రత్తగా ఎంచుకో, స్వింగ్ ధైర్యంగా చెయ్. నా లెక్కలో పెద్ద ఆటగాడికీ మామూలు ఆటగాడికీ ఉన్న తేడాలో సగం ఇదే.

APPSC గ్రూప్-2 స్క్రీనింగ్ రాసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. తప్పు జవాబుకి మూడో వంతు మార్కు పోతుంది కదా. తెలియని ప్రశ్న మీద పట్టుదలకి పోయేవాడు జెండా మీదకి కొడుతున్నాడు. తెలిసినవి ముగించి, రెండు ఆప్షన్లు కొట్టేయగలిగిన వాటిని మాత్రమే ముట్టుకునేవాడు గ్రీన్ మధ్యకి కొడుతున్నాడు. మీరు ఏ బ్యాచ్?

మన తీగల సాహిత్

ఇప్పుడు మనవాడి దగ్గరికి వద్దాం. సాహిత్ తీగల. హైదరాబాద్ నుంచి వెళ్లి కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు కుటుంబం. 1997లో పుట్టాడు. పెప్పర్‌డైన్ యూనివర్సిటీలో చదివాడు. 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హాస్కిన్స్ అవార్డు అందుకున్నాడు. అతని కెరీర్‌లో నాలుగు హోల్స్ చాలు, మీకు ఒక పూర్తి కోర్సు అయిపోతుంది.

మొదటిది: స్కాట్స్‌డేల్, 17వ హోల్, ఫిబ్రవరి 2022. ఫీనిక్స్ ఓపెన్. అప్పటికి అతను కొత్తవాడు. నిర్వాహకుల ప్రత్యేక ఆహ్వానం మీద ఆడుతున్నాడు. అయినా మూడు రౌండ్ల తర్వాత లీడర్! 17వ హోల్ పార్ 4, కానీ పొడవు 332 గజాలే. ఒక్క షాట్‌తో గ్రీన్ చేరిపోవచ్చు. ఎడమ వైపు నీళ్లు. డిజైనర్ అక్కడ వేసిన ఎర అదే. సాహిత్ షాట్ గ్రీన్ దగ్గర పడి, ఎడమకి ఎగిరి, నీళ్లలోకి దొర్లింది. బోగీ. ఒక్క స్ట్రోక్ తేడాతో, టై తేల్చే ప్లే-ఆఫ్ చేజారింది.

ఆ షాట్ చెడ్డదని నేను అనను. ముందుకు కొట్టడంలో తప్పులేదు. ఇలాంటి హోల్ దగ్గర రెండు దారులూ సరైనవే. ఒకటి, నేరుగా గ్రీన్‌కి. రెండోది, ముందు ఆగి, చిన్న షాట్‌తో గ్రీన్ ఎక్కడం. దీన్ని లే-అప్ అంటారు. ఏ దారి అనేది టీ మీద నిలబడ్డాక పుట్టే ఉత్సాహం చెప్పకూడదు. ముందు రోజు రాత్రే తేలిపోవాలి. ఎటు తప్పితే బతుకుతామో అది కూడా తేలిపోవాలి.

రెండోది: రివర్ హైలాండ్స్, 18వ హోల్, జూన్ 2022. ట్రావెలర్స్ ఛాంపియన్‌షిప్. చివరి హోల్. చేతిలో ఒక స్ట్రోక్ ఆధిక్యం. టీ షాట్ టీకీ గ్రీన్‌కీ మధ్య దారిలో ఉన్న బంకర్‌లో పడింది. అక్కడి నుంచి కొట్టిన బంతి గట్టుకి తగిలి మళ్లీ ఇసుకలోనే ఉండిపోయింది. డబుల్ బోగీ. టైటిల్ జాండర్ షాఫెలేకి వెళ్లిపోయింది.

బంకర్‌లో పడితే మొదటి పని బయటపడటం. రెండో పని కూడా బయటపడటమే. గ్రీన్ గురించి ఆ తర్వాత. అప్పు చేసినా, ఇంటర్వ్యూలో మొదటి జవాబు తడబడినా ఇదే సూత్రం. పోయినదంతా ఒక్క దెబ్బతో రాబట్టాలనుకున్న క్షణమే బోగీ డబుల్ బోగీ అవుతుంది. ఒక్క స్ట్రోక్ పోయిందా? పోనివ్వండి. రెండోది పోకుండా చూసుకోండి.

మూడోది: అగస్టా 16వ హోల్, ఏప్రిల్ 2023. పార్ 3, 170 గజాలు, ఎడమ వైపంతా చెరువు. సాహిత్ ఆడుతున్న తొలి మాస్టర్స్, ఫైనల్ రౌండ్. గ్రీన్ బయటి నుంచి ఒక చిప్, అంటే చిన్న షాట్, కొట్టాడు. బంతి వాలు మీద వంపు తిరిగి, మెల్లగా దొర్లి, గుంటలో పడింది. 2005లో టైగర్ ఆ హోల్ దగ్గరే వేసిన చిప్ అందరికీ గుర్తొచ్చింది. ఇలాంటి షాట్‌లో గుంట వైపు గురిపెట్టరు. వాలు మీద ఒక చోటు ఎంచుకుంటారు. అక్కడ దించితే మిగతా పని నేలే చేస్తుంది. నేలని చదవండి, దాని సాయం తీసుకోండి. తొలి మాస్టర్స్‌లోనే అతను టాప్ 10లో ముగించాడు.

ఆరు నెలలు తిరగకముందే, 2023 సెప్టెంబర్‌లో, నాపాలోని సిల్వరాడో కోర్సు మీద ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. పీజీఏ టూర్‌లో, అంటే అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్‌లో, తొలి టైటిల్. వయసు 25. 2022లో రెండుసార్లు చివరి హోల్స్‌లో చేజారిన మనిషి 2023లో 2 స్ట్రోక్‌ల తేడాతో గెలిచాడు.

నాలుగో హోల్‌కి కొంచెం ఆగి వస్తాను. ముందు మీ చేతికి ఒక టూల్.

ఆలోచించే చోటు, ఆడే చోటు

స్వీడన్ క్రీడాకారిణి అనికా సొరెన్‌స్టామ్ 2001లో ఒక రౌండ్‌ని 59 స్ట్రోక్‌లలో ముగించింది. ఎల్‌పీజీఏ (మహిళల ప్రొఫెషనల్ టూర్) చరిత్రలో మొదటి 59 అది. ఆమె కోచ్‌లు పియా నీల్సన్, లిన్ మారియట్ ఒక తేలికైన పద్ధతి నేర్పారు. బంతి వెనకాల ఒక గీత ఊహించుకోండి. గీత వెనక ఉన్నంతసేపు ఆలోచించండి: గాలి, దూరం, ఏ క్లబ్, ఎటు తప్పొచ్చు. గీత దాటాక ఆలోచన బంద్. ఆడటమే. మళ్లీ సందేహం వచ్చిందా? వెనక్కి రండి. మొదటి నుంచి మొదలుపెట్టండి.

మీ టేబుల్ ముందు, మీ షాపు కౌంటర్ ముందు, మీ బైక్ ఎక్కేముందు ఇలాంటి గీత ఒకటి గీసుకోండి. మనలో చాలామంది నిర్ణయం తీసుకున్నాక కూడా ఆలోచిస్తూనే ఉంటారు. అక్కడే శక్తంతా కారిపోతుంది.

మీ హోల్ ప్లాన్ ఇలా రాయండి

1. గ్రీన్ నుంచి వెనక్కి రండి. చివరి షాట్ ఎక్కడి నుంచి కొడితే తేలిక? అక్కడికి చేరాలంటే ముందు షాట్ ఎక్కడ పడాలి? ప్లాన్ ఎప్పుడూ చివరి నుంచి మొదలవుతుంది.

2. మీ మామూలు షాట్‌తో లెక్క వేయండి. జీవితంలో ఒక్కసారి తగిలిన బ్రహ్మాండమైన షాట్‌తో వేయొద్దు. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ లక్షలాది షాట్ల డేటాతో తేల్చిన సంగతి ఒకటుంది. 8 అడుగుల దూరం నుంచి పీజీఏ టూర్ ఆటగాళ్లు వేసే పట్‌లు కూడా సుమారు సగమే గుంటలో పడతాయి. ప్రపంచంలో బెస్ట్ ఆటగాళ్లే సగం తప్పిస్తున్నప్పుడు, ఒక్కటి తప్పిందని మీరు రోజంతా కుమిలిపోతారా?

3. నీళ్లు ఎటున్నాయో రాయండి. దానికి అవతలి వైపు రెండు అడుగులు ఎక్కువ చోటు వదలండి.

4. మీ సొంత పార్ పెట్టుకోండి. కొత్తవాళ్లకి పార్ 4 హోల్ అంటే మనసులో 5. అయిదులో ముగించారా? గెలిచారు. ముందుకెళ్లండి.

"నాకంత బలం లేదండీ" అంటారా? భారత గోల్ఫర్ అదితి అశోక్‌ని చూడండి. బంతిని దూరం కొట్టే విషయంలో ఆమె ఎప్పుడూ ముందు వరసలో లేదు. అయినా 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఒక్క స్ట్రోక్ తేడాతో పతకానికి దూరమైంది. తనకి లేని దూరం గురించి కూర్చుని బాధపడలేదు. ఉన్న పటింగ్‌తో ప్రపంచాన్ని వణికించింది. బలం లేదన్న సాకు ఇక మీరు వాడుకోలేరు!

మన కోర్సులు కూడా ఈ పాఠమే చెబుతాయి. గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లో పెద్ద పెద్ద బండరాళ్లు కాపలా కాస్తుంటాయి. బంతి రాయికి తగిలితే ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అక్కడ పొడవు కొట్టేవాడి కంటే రాళ్లకి దూరంగా కొట్టేవాడే నెగ్గుతాడు. గోల్కొండ నయా ఖిల్లాలో కోట గోడల మధ్య ఆడతారు. విశాఖ ఈస్ట్ పాయింట్‌లో సముద్రపు గాలిని పట్టించుకోకపోతే గ్రీన్ దొరకదు. తీరం గాలి సంగతి చిల్లకూరు వాళ్లకి ఇంకొకరు చెప్పాలా? మధ్యాహ్నం గాలి ఎటు నుంచి లేస్తుందో మీకు ఒంటితోనే తెలుసు. ఆ జ్ఞానం కోసం విదేశీ ఆటగాళ్లు ఇంకా తలలు పట్టుకుంటున్నారు.

ఇప్పుడు నాలుగో హోల్

అట్లాంటా, ఈస్ట్ లేక్, 3వ హోల్. 2024 టూర్ ఛాంపియన్‌షిప్, మూడో రౌండ్. సాహిత్ బంతి బంకర్‌లో ఉంది. క్లబ్ వెనక్కి తీసేటప్పుడు కొద్దిగా ఇసుక కదిలినట్టు అతనికి అనిపించింది. రూల్ ప్రకారం అది తప్పు. ఎవరూ వేలెత్తి చూపలేదు. తనే తోటి ఆటగాడికి చెప్పాడు, అధికారులకి చెప్పాడు. 2 స్ట్రోక్‌ల పెనాల్టీ వేయించుకున్నాడు.

టోర్నమెంట్ చివర్లో మూడో స్థానంలో నిలిచాడు. ఆ 2 స్ట్రోక్‌లు లేకపోతే రెండో స్థానం పంచుకునేవాడు. తేడా సుమారు 25 లక్షల డాలర్లు!

నా దృష్టిలో ఇది ఫోర్టినెట్ టైటిల్ కంటే పెద్ద గెలుపు. ఎందుకంటే ఆ క్షణంలో ఆలోచించడానికి టైమ్ ఉండదు. "చెప్పాలా, వద్దా?" అని బంకర్‌లో నిలబడి లెక్కలు వేసుకునేవాడు అప్పటికే సగం ఓడిపోయాడు. సాహిత్ ఆ నిర్ణయం చాలా ఏళ్ల కిందటే తీసేసుకున్నట్టుంది. గీత వెనక్కి వెళ్లాల్సిన అవసరమే రాలేదు. మరో సంగతి. పెనాల్టీ పడ్డ ఆ రౌండ్‌నే అతను 66 స్ట్రోక్‌లలో ముగించాడు. 3వ హోల్‌ని 4వ హోల్‌కి మోసుకెళ్లలేదు.

మీరు కూడా కొన్ని నిర్ణయాలు ముందే తీసేసుకోండి. కాటాలో మోసం చేయను. నా తప్పుని జూనియర్ మీదకి తోయను. కోపంలో ఫోన్ తీయను. ఇవి మళ్లీ మళ్లీ ఆలోచించాల్సినవి కావు. ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

ఇక మీ హోంవర్క్. వచ్చే ఏప్రిల్‌లో మాస్టర్స్ ఫైనల్ రౌండ్ చూడండి. మనకి అది ఆదివారం అర్ధరాత్రి దాటాక వేడెక్కుతుంది, కాబట్టి సాయంత్రం ఒక కునుకు తీయండి. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. లీడర్లు 12వ హోల్ టీ మీదకి రాగానే పెన్ను తీయండి. జెండా ఎక్కడుంది, నీళ్లు ఎటున్నాయి, ఆ ఆటగాడి స్థానంలో మీరైతే ఎటు కొడతారు, తప్పితే బంతి ఎక్కడ పడాలి. నాలుగు లైన్లు చాలు. రాయడం పూర్తయ్యాకే తలెత్తి షాట్ చూడండి.