వేగం ఒక్కటే చాలదు

బెంగళూరులో పాత మద్రాసు రోడ్డు నుంచి హెచ్.ఎ.ఎల్. వైపు వెళ్ళే దారికి 'సురంజన్ దాస్ రోడ్డు' అని పేరు. రోజూ ఆ దారిన వేలమంది రాకపోకలు సాగిస్తుంటారు. ఆ పేరు ఎవరిదని అడిగేవారు మాత్రం తక్కువ. ఆ పేరు వెనుక బెంగళూరు యుద్ధ విమానాల కథ ఉంది.

1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ అనే పారిశ్రామికవేత్త మైసూరు సంస్థానం సహకారంతో బెంగళూరులో విమానాల కర్మాగారాన్ని స్థాపించాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మిత్రరాజ్యాల విమానాలు ఇక్కడికి మరమ్మతుకు వచ్చేవి. ఆ కర్మాగారమే నేటి హిందుస్తాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్. 1956లో జర్మనీ దేశపు రూపశిల్పి కుర్ట్ టాంక్ ఇక్కడికి వచ్చాడు. ఆయన నాయకత్వంలో మన ఇంజనీర్లు 'మారుత్' అనే జెట్ యుద్ధ విమానాన్ని రూపొందించారు. 1961 జూన్ 17న దానిని మొదటిసారి గాలిలోకి లేపినవాడు సురంజన్ దాస్. కొత్త విమానంలో ఏ లోపం ఎక్కడ దాగి ఉందో ఎవరికీ తెలియదు. ప్రాణాన్ని పణంగా పెట్టి దానిని కనిపెట్టడమే పరీక్షా చోదకుని పని. 1970 జనవరిలో మారుత్‌ను మెరుగుపరచే ప్రయత్నంలో, ఒక పరీక్షలో విమానం కూలి ఆయన మరణించాడు. కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య ప్రదర్శనశాల ప్రాంగణంలో మారుత్‌ను నేటికీ చూడవచ్చు.

బెంగళూరులోనే తయారైన మరొక విమానం 'నాట్'. ఆ ఆంగ్లపదానికి చిరుదోమ అని అర్థం. పేరుకు తగినట్లే అది చాలా చిన్నది. దాని రెక్కల కొస నుంచి కొసకు 7 మీటర్లయినా లేదు. అంత చిన్న విమానం ఆకాశంలో కంటికి ఆనడమే కష్టం. 1965 యుద్ధంలో పాకిస్తాన్ సేబర్ విమానాలను ఎదిరించి, అది 'సేబర్ సంహారి' అని పేరు పొందింది. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ స్థావరంపై శత్రువులు బాంబులు వేస్తుండగానే నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ నాట్‌లో పైకి లేచాడు. ఆరు సేబర్లను ఒంటరిగా ఎదుర్కొని వీరమరణం పొందాడు. భారత వైమానిక దళంలో పరమవీర చక్ర పొందినవాడు ఆయన ఒక్కడే.

గాలిలో పోరు ఎలా జరుగుతుంది? ఎక్కువ వేగం కలవాడే గెలుస్తాడని మనం అనుకొంటాం. సైకిలు తొక్కేవారిని అడగండి. జోరుగా పోయేటప్పుడు మలుపు వెడల్పుగా తీసుకోవాలి. మెల్లగా పోయేటప్పుడు ఇరుకు సందులోనైనా తిరగవచ్చు. విమానానికీ అంతే. అదే బలంతో తిరిగేటప్పుడు వేగం రెండింతలైతే మలుపు వలయం సుమారు నాలుగింతలవుతుంది. అందువల్ల చోదకుడు వేగాన్ని ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో తెలిసినవాడై ఉండాలి. ఎత్తున ఉన్నవాడు కిందికి దూకి వేగం పొందగలడు. సూర్యుణ్ణి వెనుక ఉంచుకొన్నవాడు ఎదుటివాని కంటపడడు. గట్టిగా మలుపు తిరిగేటప్పుడు 50 కిలోల మనిషి 300 కిలోలు బరువున్నట్లు కుంగిపోతాడు. తలలోని రక్తం కాళ్ళవైపు దిగి, చూపు మసకబారుతుంది. దానిని తట్టుకొనే శిక్షణను మన చోదకులకు బెంగళూరులోని వైమానిక వైద్య సంస్థలో ఇస్తారు.

వేగం ఒక్కటే చాలదని నిరూపించినవాడు మన కొడగు వీరుడు అజ్జమాడ దేవయ్య. 1965 సెప్టెంబరు 7న మన మిస్టీర్ విమానాలు సర్గోధా స్థావరంపై దాడికి బయలుదేరాయి. దేవయ్య ఆ జట్టులో అదనపు చోదకుడు మాత్రమే. ఆఖరి క్షణంలో అవకాశం రాగానే ఆయనా వెళ్ళాడు. అక్కడ స్టార్‌ఫైటర్ విమానం ఆయనను అడ్డగించింది. అది ధ్వని వేగానికి రెండింతల వేగంతో పోగలదు. మిస్టీర్‌కు అందులో సగం వేగమైనా లేదు. పరుగు పందెంలో గెలిచే మాట లేదు. తన విమానం దెబ్బతిన్నా దేవయ్య వెనుదిరగక గిరికీల పోరుకు తలపడ్డాడు. స్టార్‌ఫైటర్ కూలింది. దాని చోదకుడు పారాచూట్‌తో బయటపడ్డాడు. దేవయ్య మాత్రం తిరిగి రాలేదు.

ఆయనకేమైందో మనవారికి చాలాకాలం తెలియలేదు. ఏండ్లు గడిచాక, పాకిస్తాన్ వైపు నుంచి లభించిన వివరాలతో వెలువడిన ఒక ఆంగ్ల గ్రంథం వల్ల అసలు విషయం బయటపడింది. 1988లో, అంటే 23 సంవత్సరాల తరువాత, ఆయనకు మహావీర చక్ర ప్రకటించారు. ఆయన సాహసానికి సాక్ష్యం శత్రుపక్షం నుంచే రావడం గమనింపదగినది. నిజమైన వీరుణ్ణి ఎదుటివాడు కూడా కాదనలేడు.

2001 జనవరి 4న కోట హరినారాయణ నాయకత్వంలో రూపొందిన తేలికపాటి యుద్ధ విమానం బెంగళూరు గగనంలో మొదటిసారి ఎగిరింది. తరువాత దానికి 'తేజస్' అని పేరు పెట్టారు. మారుత్ నాడు నేర్చిన పాఠాలు వృథా పోలేదు.

యుద్ధ విమానం ఎగురుతుంటే చూడడం ఎంతో వేడుకగా ఉంటుంది. కాని యుద్ధం వేడుక కాదు. ప్రతి పోరులోనూ ఎవరో ఒకరి ఇంట దీపం ఆరిపోతుంది. ఈసారి తలపై విమానం ఉరిమినప్పుడు పైకి చూడండి. తిరిగి రానివారి పేర్లు కూడా ఒకసారి తలచుకోండి.

అర్థాలు
చోదకుడు = నడిపేవాడు
పణం = పందెం
స్థావరం = సైన్యం ఉండే చోటు
గిరికీ = చుట్టు తిరగడం

ప్రశ్నలు
1. పరీక్షా చోదకుని పని ఎందుకు ప్రమాదకరమైనది?
2. వేగం తక్కువైన విమానం గాలిపోరులో ఎలా గెలవగలదు? సైకిలు ఉదాహరణతో వివరించండి.
3. దేవయ్య సాహసం లోకానికి ఆలస్యంగా ఎందుకు తెలిసింది?
4. మీ ఊరిలో ఒక వీధికి ఎవరి పేరు పెట్టారో తెలుసుకొని, వారిని గురించి పది వాక్యాలు రాయండి.