టీకా వేయించాలా, వద్దా? – సంఘ సభలో చర్చకు ఒక పాఠం

సభ్య సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, పాడి రైతు సోదర సోదరీమణులకు:

పశువుల టీకాల సిబ్బంది ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా పాల కేంద్రం దగ్గర ఒక వాదన లేస్తుంది. "వేయిస్తే పాలు తగ్గిపోతాయి" అంటారు ఒకరు. "వేయించకపోతే గొడ్డే దక్కదు" అంటారు మరొకరు. పసిపిల్లల టీకాల దగ్గర కూడా ఇలాంటి వాదనే జరుగుతుంది. అడిగేవారిని మూర్ఖులని కొట్టిపారేయటం సంఘ ధర్మం కాదు. ఇరుపక్షాల మాట విని, తెలిసిన సంగతులతో తూచి చూడాలి. ఈ పాఠాన్ని సభలో చదివి వినిపించి చర్చ జరపండి.

పాడివారి నుండి వచ్చిన విద్య

టీకాకు, పాడికి దగ్గర చుట్టరికం ఉంది. 1796 మే 14న ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ అనే వైద్యుడు, ఆవు పొదుగు నుండి పాలు పితికే ఆమె చేతికి అంటిన పొక్కు రసం తీసి, ఎనిమిదేండ్ల బాలుని చేతికి ఎక్కించాడు. ఆ తరువాత మశూచి రసం ఎక్కించి చూసినా ఆ బాలునికి మశూచి రాలేదు. లాటిన్ భాషలో ఆవును 'వాకా' అంటారు. 'వాక్సిన్' అనే మాట దాని నుండి పుట్టినదే. మన గోదావరి జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో, 1899లో గిండీలో వెలసిన కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో దూడల చర్మంపై పెంచిన రసంతో మశూచి టీకా మందు తయారయ్యేది.

ఆనాడూ వ్యతిరేకత ఉంది. గాంధీజీ సైతం మశూచి టీకాకు విరుద్ధంగా వ్రాశారు. "అమ్మవారు పోస్తే సూదితో అడ్డుపడటమా?" అన్నవారు మన ఊళ్ళలోనూ ఉన్నారు. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదయింది. ప్రపంచమంతటా ఆ వ్యాధి తొలగిపోయిందని 1980లో ప్రకటించారు. పెద్దాపురంలో మరిడమ్మ తల్లి జాతర నేటికీ ఆషాఢంలో వైభవంగా జరుగుతూనే ఉంది. భక్తి నిలిచింది, మశూచి పోయింది. రెండింటికీ పోటీ లేదని దీనివల్ల తెలుస్తున్నది.

పశువుల పెద్దరోగం, అంటే రిండర్‌పెస్టు కథ కూడా ఇటువంటిదే. ఒకప్పుడు మందలకు మందలనే ఊడ్చిపెట్టిన ఆ జబ్బు, ఊరూరా టీకాలు వేయగా, 2011 నాటికి లోకం నుండే తొలగింది. నేడు దానికి టీకా వేయవలసిన పనే లేదు.

సభ్యులు అడిగే ప్రశ్నలు

1. టీకా వేస్తే పాలు తగ్గవా?

కొన్ని పశువులలో తగ్గుతాయి. గాలికుంటు టీకా వేసిన తరువాత ఒకటి రెండు రోజులు కొద్దిగా జ్వరం, సూది పడినచోట వాపు, పాల దిగుబడిలో తగ్గుదల కనిపించవచ్చు. ఈ మాట దాచకూడదు. అయితే గాలికుంటే వస్తే నోట, గిట్టల నడుమ పుండ్లు పడి గేదె మేత మానేస్తుంది. ఒక్కొక్కప్పుడు ఆ ఈతకంతటికీ పాలు తిరిగి రావు. పాలు తాగే దూడలు గుండె దెబ్బతిని చనిపోతాయి. రెండు నష్టాలనూ పక్కపక్కన పెట్టి సభ్యులే లెక్క కట్టుకోవాలి.

2. వేయించినా జబ్బు వచ్చింది కదా?

ఏ టీకా కూడా నూటికి నూరు పాళ్ళు కాపాడదు. గాలికుంటు టీకా బలం సుమారు ఆరు నెలలే ఉంటుంది కాబట్టి ఏటా రెండుసార్లు వేయించాలి. గొంతువాపు టీకా పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది. 1986 ఆగస్టు నాటి గోదావరి వరద వంటిది వచ్చినప్పుడు లంకల పశువులన్నీ ఏటిగట్టు మీద ఒకచోట చేరుతాయి. ఆనాడు పరుగెత్తి వేయించినా రక్షణ వెంటనే రాదు. అందుకే మృగశిర కార్తెకు ముందే ఈ పని ముగియాలి. మందును 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచారో లేదో అడిగే హక్కు కూడా సభ్యునికి ఉంది.

3. ఊరంతా వేయించారు, నా ఒక్క గేదెకు ఎందుకు?

గట్టుకు ఒక్కచోట గండిపడినా ఊరంతా మునుగుతుంది. మన గేదెలన్నీ ఒకే కాలువ రేవులో దిగుతాయి. నాలుగు నెలలు నిండని దూడకు గాలికుంటు టీకా వేయరు. తొమ్మిది నెలలు నిండని పసిబిడ్డకు మామూలుగా తట్టు టీకా వేయరు. చుట్టూ ఉన్నవారు వేయించుకోవటమే ఆ పసికూనలకు రక్ష.

4. పశువు టీకాతో మనిషికి ఏం సంబంధం?

చూడి గొడ్లు నెలలు నిండకుండానే ఈసుకుపోయే బ్రూసెల్లోసిస్ వ్యాధి మనుషులకూ వస్తుంది. పచ్చిపాలు తాగినా, ఈసుకుపోయిన పిండాన్ని, మావిని వట్టి చేతులతో తీసినా అంటుకుంటుంది. విడిచి విడిచి వచ్చే జ్వరం, కీళ్ళ నొప్పులు నెలల తరబడి బాధిస్తాయి. మనుషులకు దీనికి మన దేశంలో టీకా లేదు. నాలుగు నుండి ఎనిమిది నెలల వయసు పెయ్యదూడకు ఒక్కసారి వేయించే టీకా ఇంట్లోవారిని కూడా కాపాడుతుంది. చూడి పశువులకు మాత్రం ఈ టీకా వేయించరాదు. 2019లో కేంద్రం ప్రారంభించిన జాతీయ పథకం కింద గాలికుంటుకు, బ్రూసెల్లోసిస్‌కు టీకాలు ఉచితంగా వేస్తున్నారు.

బలవంతం పనికిరాదు

కొన్నిచోట్ల "టీకా వేయించనివారి పాలు తీసుకోవద్దు" అని తీర్మానించాలనే ఆలోచన వస్తుంది. ఇది నిదానంగా ఆలోచించవలసిన విషయం. పాలు వద్దంటే ఆ రైతు వాటిని బయటి వ్యాపారికి పోస్తాడు. గేదె మాత్రం టీకా లేకుండా అదే రేవులో దిగుతుంది. ఊరికి ఒరిగేదేమిటి?

సమ్మతి విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2009లో ఉమ్మడి రాష్ట్రపు ఖమ్మం జిల్లాలో, 10 నుండి 14 ఏండ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకా ఒక ప్రయోగ పథకంగా వేశారు. 1959 వరకు తూర్పు గోదావరిలో ఉన్న భద్రాచలం ప్రాంతం కూడా అందులో ఉంది. కొందరు బాలికలు మరణించగా ఆందోళన రేగి, 2010 ఏప్రిల్‌లో పథకం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. అయితే హాస్టలు పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. మందు మంచిదే అయినా, అడగకుండా వేస్తే నమ్మకం పోతుంది. పోయిన నమ్మకాన్ని తిరిగి తేవడం టీకా వేయడం కన్నా కష్టం.

సంఘం చేయవలసిన పనులు

• టీకా తేదీని వారం ముందుగా పాల కేంద్రంలో పలకపై వ్రాయాలి. ఏ జబ్బుకో, వేసిన తరువాత ఏమి కనిపించవచ్చో కూడా వ్రాయాలి.
• పశువుల డాక్టరుగారిని సభకు పిలిచి, సభ్యుల అనుమానాలు అందరి ఎదుట తీర్పించాలి. ఇళ్ళలో పశువులను చూసుకునేది ఎక్కువగా స్త్రీలే కాబట్టి వారిని తప్పక పిలవాలి.
• ఏ పశువుకు ఏ రోజు ఏ టీకా వేశారో రిజిస్టరులో వ్రాయాలి. తరువాత పశువు నలతపడితే ఆ సంగతీ దాచకుండా వ్రాసి డాక్టరుగారికి తెలపాలి.
• వద్దన్నవారి ఇంటికి పాలకవర్గ సభ్యుడొకరు వెళ్ళి, కారణం ఓర్పుగా విని రావాలి.

చర్చించవలసిన ప్రశ్నలు

1. మన ఊరిలో పోయినసారి ఎన్ని పశువులకు టీకా పడలేదు? ఎందువల్ల?
2. టీకా తరువాత రెండు రోజులు పాలు తగ్గిన పేద సభ్యునికి సంఘం ఏ విధంగా తోడ్పడగలదు?
3. ఒకరి ఇష్టం ఎంతవరకు? ఊరి క్షేమం ఎక్కడ మొదలవుతుంది?

మూడవ ప్రశ్నకు ఈ పాఠంలో జవాబు వ్రాయలేదు. అది మీ సభలో తేలవలసినది. తేలిన మాటను మినిట్సు పుస్తకంలో వ్రాసుకొని, వచ్చే టీకాల నాటికి అమలులో పెట్టండి.