పొలంబడిలో చర్చ నడుపు విధానము



ఊరిలో నలుగురు కూడిన చోట మాటలకు కొదువ ఉండదు. కాని పెక్కు సమావేశములలో జరుగునది ఏమి? పెద్ద రైతు మొదట ఒక మాట అనును. తక్కినవారు తల ఊపుదురు. మాబోటి ఉద్యోగి అది వ్రాసుకొని వెళ్ళిపోవును. దీనిని సమావేశమనవచ్చును గాని చర్చ అనుటకు వీలులేదు.

ఇందువలన కలుగు నష్టమేమో నా అనుభవము నుండి చెప్పుచున్నాను. నేను ఉద్యోగములో చేరిన కొత్తలో ఒక గ్రామమున వరి పిలక దశలో ఉండగా రైతులను సమావేశపరచినాను. మోతుబరి రైతు ఒకరు లేచి, "ఆకుముడత కనిపించుచున్నది, మందు కొట్టవలసినదే" అన్నారు. ఎవరును కాదనలేదు. నేనును సరేనని, ఒక సింథటిక్ పైరిత్రాయిడ్ మందు పేరు చెప్పినాను. కొన్ని వారములకు సుడిదోమ విజృంభించి చేలు సుడులు సుడులుగా ఎండిపోయినవి. అప్పుడు ఒక కౌలు రైతు నాతో ఇట్లన్నాడు: "అయ్యా, ఆనాడు నా మడిలో ఆకుముడత అక్కడక్కడే ఉన్నది. దుబ్బుల మొదట్లో సాలెపురుగులు బోలెడు ఉన్నాయి. నన్నెవరడిగారు?"

ఆ మందు సాలెపురుగులను, మిరిడ్ నల్లులను చంపును. సుడిదోమ గ్రుడ్లు ఆకు తొడిమలోపల దాగియుండుటచే వాటికి హాని అంతగా కలుగదు. పిల్లలు బయటికి వచ్చుసరికి వాటిని తినువారు పొలములో ఉండరు. ఈ సంగతి నేను చదువుకొనినదే. ఆ మడిలో సాలెపురుగులు ఉన్న సంగతి మాత్రము నాకు తెలియదు. తెలిసినవానిని నేను అడుగలేదు.

ఇండోనేషియాలో కూడ మందులు అతిగా వాడి మిత్ర పురుగులను పోగొట్టుకొనుటచే సుడిదోమ పెరిగినది. ఆ దేశ ప్రభుత్వము 1986లో 57 రకముల మందులను వరిపై వాడరాదని నిషేధించినది. 1989లో అక్కడ రైతులే పొలము చూచి, చర్చించి, నిర్ణయించుకొను పాఠశాలలు మొదలైనవి. మన పొలంబడి ఆ పద్ధతి నుండి వచ్చినదే. దీనిని నడుపువారు ఈ క్రింది విషయములు గమనించవలెను.

1. ముందు చూపు, తరువాత మాట: 25 లేక 30 మందిని అయిదుగురు చొప్పున జట్లుగా చేయవలెను. ప్రతి జట్టు ఉదయముననే పొలములో దిగి, అక్కడక్కడ పది దుబ్బులను మొదలంట పరీక్షించి, పురుగులను లెక్కించవలెను. పెద్ద కాగితముపై నడుమ వరి దుబ్బు, ఒక ప్రక్క శత్రు పురుగులు, మరియొక ప్రక్క మిత్ర పురుగులు బొమ్మలుగా వేసి సంఖ్యలు వ్రాయవలెను. చదువురానివారు కూడ బొమ్మ చూపి మాటలాడగలరు.

2. కూర్చుండు తీరు: అందరును గుండ్రముగా చాపలపై కూర్చుండవలెను. అధికారికి వేరుగా కుర్చీ వేయరాదు.

3. మాట వరుస: చిన్న రైతులు, కౌలు రైతులు, స్త్రీలు ముందు చెప్పవలెను, పెద్ద రైతు చివర చెప్పవలెను. ఆయనకు ఈ సంగతి ముందుగానే మర్యాదగా తెలిపిన నొచ్చుకొనరు. నాట్లు వేసి, కలుపు తీయు స్త్రీలు దుబ్బుల మొదళ్ళను అందరికంటె దగ్గరగా చూతురు.

4. ప్రశ్న వరుస: "ఏమి చేయుదము?" అని మొదటనే అడుగరాదు. "ఏమి చూచినారు? ఎన్ని చూచినారు? క్రిందటి వారముకంటె పెరిగినవా, తగ్గినవా?" అని అడుగవలెను. ఎవరైనను "ఇది ఏ పురుగు?" అన్న, వెంటనే పేరు చెప్పక, "ఎక్కడ దొరికినది? ఏమి తినుచున్నది?" అని తిరిగి అడుగవలెను. తెలియకున్న వరి మొక్కతో సహా సీసాలో ఉంచి, మూతికి పలుచని గుడ్డ కట్టి, చూడవచ్చును. అయితే తెలిసిన లెక్కను దాచరాదు. పిలక దశలో దుబ్బుకు 10 నుండి 15 సుడిదోమలున్న నివారణ చర్య అవసరమను సంగతి అందరి లెక్కలు విన్న పిమ్మట చెప్పవలెను. మందుల విషప్రభావము వంటి ప్రాణాపాయ విషయములను మాత్రము అడుగకముందే చెప్పవలెను.

5. భిన్నాభిప్రాయము: మందు కొట్టుటయా, నీరు తీసి పొలము ఆరబెట్టుటయా, మరి కొన్ని దినములు చూచుటయా అని వాదము వచ్చినప్పుడు చేతులెత్తించి తేల్చరాదు. ఎక్కువమంది అన్నంత మాత్రమున పురుగు వినదు! ఒక చిన్న మడిలో ఒక పద్ధతి, ప్రక్క మడిలో మరియొకటి పాటించి, వారము తరువాత రెండింటిని లెక్కించవలెను.

6. ముగింపు: ఎవరు, ఏ పని, ఏ దినము లోపల చేయవలెనో వ్రాసి, పైకి చదివి వినిపించవలెను. వచ్చే వారపు చర్చ ఆ కాగితముతోనే ప్రారంభము కావలెను.

ఇంత చేయుటకు ఒక పూట పట్టును. మందు పేరు చెప్పి పోవుటకు అయిదు నిముషములు చాలును. కాని ఆ అయిదు నిముషముల ఖరీదు ఆ గ్రామ రైతులు ఒక పంటతో చెల్లించినారు. కావున తోటి ఉద్యోగులకు నా మనవి: సమావేశము ముగించుటకు ముందు ఒకసారి చుట్టును చూడుడు. ఇంకను నోరు విప్పనివారు ఎవరైన ఉన్న, "మీ మడిలో ఏమి చూచినారు?" అని పేరు పెట్టి అడుగుడు. రైతు సోదరులారా, మేము అడుగుట మరచిన, మీరే లేచి చెప్పుడు. పొలము మీది, కన్ను మీది. మాట కూడ మీదే కావలెను.